పది శాతం

నలభై రెండు ప్లాట్లు, పంతొమ్మిది ఇళ్ళు,
మిగతావన్నీ పసుపు రాళ్ళు.
ఆదివారం సాయంత్రం
నేకంటి వారి సగం లేచిన పునాది మీద కూర్చున్నాం
ఇనప ఊచల నీడలు ఒళ్ళో వేసుకుని.

ప్లాను కాగితంలో ఆకుపచ్చ రంగేసిన చోటు గురించి మాట్లాడాలి.
లేఅవుటు వేసినాయన
వదలక తప్పక వదిలిన పది శాతం.
దానికో కమిటీ కావాలి, చందా కావాలి,
హద్దు కావాలి,
అన్నిటికన్నా ముందు ఓ పేరు.

"రిక్రియేషన్ క్లబ్" అన్నాడు ఎల్ఐసి తాతాజీ.
పెచ్చెట్టి మంగతాయారు గారు లేచి నిలబడ్డారు.
"క్లబ్బంటే మా పాలకొల్లులో పేకాటండీ.
మా ఆయన రెండెకరాలు ఆ గుమ్మంలోనే దిగబడిపోయాయి.
ఇంకో పేరు చెప్పండి, సంతకం పెడతాను."
ఎవరూ నవ్వలేదు.
తాతాజీ పెన్నుకి మూత పెట్టాడు.

నన్నెవరూ అడగలేదు. నేను లస్కర్ని.
ముప్పై నాలుగేళ్ళు నరసాపురం కాలవ మీద
తూము తలుపులు ఎత్తి దించినవాణ్ణి.
రిటైరైన డబ్బుతో మూడు సెంట్లు కొన్నాను,
అదీ నేను నీళ్ళిచ్చిన చేలోనే.

ఆ పచ్చరంగు చోటు నాకు తెలుసు.
సార్వాలో అన్నిటికన్నా ముందు మునిగేది,
దాళ్వాలో అన్నిటికన్నా చివర తడిసేది.
ఎగువన ఎవరు గండి కొట్టినా
దాని మొహంలో తెలిసిపోయేది.
ఓ అర్ధరాత్రి గుబ్బల అన్నవరం
అక్కడి నెర్రెలు చూపించి నా చొక్కా పట్టుకున్నాడు,
లాంతరు జాగ్రత్తగా గట్టు మీద పెట్టి మరీ.
ఇప్పుడక్కడ జారుడుబల్ల అంటున్నారు.

ప్లాటుకి నెలకి రెండొందలు. ఒప్పుకున్నారు.
ఇల్లు కట్టనివాళ్ళకి సగం. గొణిగి ఒప్పుకున్నారు.
షటిల్ కోర్టు, రెండు లైట్లు, నాలుగు సిమెంటు బెంచీలు.
బెంచీల మీద ఎవరి నాన్న పేరు రాయాలన్న దగ్గర
అరగంట పోయింది.

తరవాత హద్దు.
మురుగు కోడు అవతల
రొయ్యలు వలిచేవాళ్ళ రేకుల లైన్లున్నాయి.
వాళ్ళ పిల్లలు లోపలా, బయటా?

ఆ పిల్లలు అప్పటికే అక్కడున్నారు.
ఆకుపచ్చ రంగులో, మోకాలి లోతు నీళ్ళలో,
జూలై కదా,
పాత చీర ముక్కతో చేపపిల్లల్ని పడుతున్నారు.
ఒకడు తూటికాడ వికెట్టుగా పాతుతున్నాడు,
పాతినదల్లా వాలిపోతోంది.

"చందా కట్టనివాళ్ళని ఎలా రానిస్తాం?"
"గేటు పెడదాం."
"గ్రావెల్ తోలేస్తే వాళ్ళే రారు."

అప్పుడు నోరు విప్పాను.
"వాళ్ళు రారేమో గానీ, నీళ్ళొస్తాయండి.
ఈ పల్లం పూడిస్తే
తరవాతి పల్లం తాతాజీ గారి వాకిలి."
నీరు పల్లమెరుగు.
సామెతలో రెండో సగం దేవుడికి వదిలేసి
మొదటి సగంతోనే జీతం తీసుకున్నవాణ్ణి.
తాతాజీ తన వాకిలి వైపు తిరిగి చూశాడు
నీళ్ళు అప్పుడే గడప దాటుతున్నట్టు.

"వంతు పెట్టండి" అన్నాను,
"కాలవకి పెట్టినట్టే. మూడు రోజులు మనవాళ్ళు,
మూడు రోజులు వాళ్ళు."
వంతు పెట్టినా
ఎగువవాళ్ళే ముందు తడుపుకుంటారని
చెప్పలేదు.

పుస్తకంలో రాశారు:
వర్షాలు తగ్గేదాకా గ్రావెల్ వాయిదా.
హద్దు వాయిదా.
పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేశారు.
మంగతాయారు గారు ఆ చుక్కల కిందే
సంతకం పెట్టారు.

ఇంటికి పోతూ పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాను.
పిల్లలు పక్కకి జరిగారు, తిడతాననుకుని.
పాత బోదె గట్టు ఎక్కడుందో
నా పాదానికి ఇంకా గుర్తే.
నాలుగడుగులు తడిమితే తగిలింది,
గట్టిగా, వంకరగా, ఉన్నచోటే.
"ఇక్కడ పాతరా" అన్నాను.
నిలబడింది.
బంతి కోసం ఇంకా వెతుకుతున్నారు.